‘ఏం లేదు’ అంటే నమ్మని మామ

మా మామ పోయి ఇరవై మూడు రోజులైంది. ఆ కబురు నాకు ఫోన్లో వచ్చింది. మా ఆయన ఫోను చార్జింగుకు పెట్టి గొర్రెల దొడ్డిలోకి పోయి ఉన్నాడు. నేను వాకిట్లో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాను. ఫోను ఎత్తితే అవతల ఎవరో సంత మనిషి. గొర్రెల అరుపుల మధ్య గట్టిగా మాట్లాడుతున్నాడు.

“ఎవురమ్మా, కోడలా? మీ మామకు రవంత బాగలేదు. ఏం లేదు, ఏం లేదులే. మీ ఆయప్పను బండేసుకోని రమ్మను.”

ఒకసారి ‘ఏం లేదు’ అని ఉంటే నమ్మేదాన్నేమో. రెండోసారి అనేసరికి నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటను అనుమానించడం నాకు నేర్పింది మామే.

సంతలో మామ ఎవరిదో పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూస్తూ చూస్తూ అట్లే కూలబడిపోయాడట. లేపితే లేవలేదట. మా ఆయన పోయేసరికే అంతా అయిపోయింది.

మా మామ పేరున్న మనిషి కాదు. ముదిగుబ్బ చుట్టుపక్కల సంతల్లో గొర్రెలు కొని అమ్మేవాడు. ఊరికి ఏమీ కట్టించలేదు, ఎవరికీ పంచాయితీ చెప్పలేదు. ఏడో తరగతితో బడి మానేసిన నేను ఆయన గురించి రాయడానికి కూర్చున్నానంటే, దానికి కారణం నా కుడివైపు కింది దవడలో ఉన్న ఒక పన్ను. అది ఇంకా బతికి ఉంది. మా మామ అనుమానం వల్లే బతికి ఉంది.

మా ఇంట్లో ఆయన అనుమానించని వస్తువు లేదు. కొత్త కుండ తెస్తే చుట్టూ వేలితో కొట్టి చెవి పెట్టి వినేవాడు. దొడ్డికి వేసిన తాళం మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగోసారి లాగడానికి దారి మధ్యలోంచి వెనక్కి వచ్చేవాడు. ఫోన్లో ఆడగొంతు ‘అందుబాటులో లేరు’ అని చెబితే, “ఉండాడు. పక్కన పెట్టుకోనే లేడంటాంది” అనేవాడు. వాన మీద కూడా అనుమానమే. మబ్బు కమ్మి నాలుగు చినుకులు రాలగానే ఊరంతా విత్తనాల మూటలు విప్పితే, ఆయన మట్టిలో వేలు గుచ్చి చూసి లేచేవాడు. “ఇది వాన గాదప్పా. వచ్చినానని చెప్పుకునేదానికి వచ్చి పోయినాది.”

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఆయనంటే భయం. చినుకునే నమ్మని మనిషి నన్నెట్లా నమ్ముతాడని. దానికి తోడు ఆయన పనంతా పళ్ళతోనే.

గొర్రె వయసు పళ్ళలో ఉంటుంది. రెండు పెద్ద పళ్ళు వచ్చాయంటే ఏడాది దాటినట్టు. నాలుగు, ఆరు, ఎనిమిది అని అట్లా పెరుగుతుంది. ఆ తర్వాత అవి అరుగుతాయి, వదులవుతాయి, విరుగుతాయి. పన్ను విరిగిన గొర్రె మేయలేదు. మేయలేనిదాన్ని ఎవరూ మందలో ఉంచుకోరు. మామ ఎంత మాటల్లో ఉన్నా చేయి తన పని తాను చేసేది. బొటనవేలు గొర్రె పెదవి కిందికి పోయేది, నోరు తెరుచుకునేది, ఒక్క చూపు, అంతే.

నేను వచ్చిన ఏడాదే ఒక సాయంత్రం ఒక ఆడగొర్రెను కొనుక్కొచ్చాడు. వాకిట్లో దాని నోరు మళ్ళీ తెరిచి చూశాడు. నీళ్ళు కూడా తాగకుండా, తెచ్చిన తాడుతోనే దాన్ని వెనక్కి తోలుకుపోయాడు. తిరిగి వచ్చాక అత్తతో అన్నాడు:

“విరిగిన పంటికి మట్టి పూసి అంటగట్టినాడు. చూపెట్టి అమ్మింటే నేనే తీసుకుందును. దాచినాడు జూడు, అదీ తప్పు.”

తలుపు చాటున నేను విన్నాను. నా నాలుక తనంతట తానే కుడివైపు కింది దవడకు పోయింది.

అక్కడ ఒక పన్నులో అప్పటికే గుంత ఉంది. పెళ్ళిచూపులనాటికి అది నల్లచుక్క. మా అమ్మ చూసి, “నోరు మూసుకోనే నవ్వు” అంది. మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. అక్కడి బోరు నీళ్ళకు మా అందరి పళ్ళ మీదా పసుపు గీతలే. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి, నేను వేరే ఏదో దాస్తున్నానని ఎవరికీ తోచలేదు. అట్లా అనుకున్నాను.

ఆ చుక్క గుంతయింది, గుంత లోతయింది. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం చురుక్కుమనేది. అయినా మా ఇంట్లో పంటినొప్పి దాచడం కష్టం కాదు. పొద్దునా సాయంత్రమూ రాగి సంగటి. సంగటి నమిలేది కాదు. ముద్ద తుంచి, పప్పులోనో ఊరుబిండి పచ్చడిలోనో అద్ది మింగేయడమే. అట్లా ఎనిమిది తొమ్మిది నెలలు మింగుతూ గడిపాను. ఎదురుగా కూర్చుని తినే అత్తకు కూడా తెలియలేదు.

మామకు తెలిసింది. ఆయన నా ముఖం చూసేవాడు కాదు. కోడలి ముఖంలోకి మామ చూడటం మా దగ్గర పద్ధతి కాదు. పక్కనుంచి, ఎటో చూస్తున్నట్టు ఉండి కనిపెట్టాడు. ఒక పొద్దున అత్తతో చెబుతుంటే విన్నాను.

“నీ కోడలు నీళ్ళు తాగేటప్పుడు మెడ ఎడమపక్కకు వంచుతాంది. మొన్నటిదాకా చెనిక్కాయలు పంటితో కొరికి ఒలుస్తాండె, ఇప్పుడు రాయితో కొడతాంది. కుడిపక్క ఏదో ఉండాది. అడుగు.”

అత్త వచ్చి అడిగింది. “ఏం లేదత్తా” అన్నాను.

బయటి నుంచి మామ గొంతు వచ్చింది. “ఏం లేనోళ్ళు చెంబును జూసి భయపడరు.”

మా ఆయన అప్పుడు ఇంట్లో లేడు. ఆ ఏడు మా వైపు గడ్డి మొలవక, మందను తోలుకుని కడప వైపు మేపుకు పోయాడు. అత్త నన్ను సంతలో పళ్ళు పీకే అతని దగ్గరికి తీసుకుపోతానంది. మామ ముందుగా తానొక్కడే పోయి అతన్ని చూసి వచ్చాడు.

“నోరు చూడకముందే పీకాల్సిందే అంటాడు వాడు. నేను గొర్రెనైనా నోరు చూడకుండా బేరం చెయ్యనే. పోవద్దు.”

మర్నాడు నన్ను బస్టాండుకు రమ్మన్నాడు. ధర్మవరంలో పంటి డాక్టరమ్మ ఉందని అన్నాడు. నేను నమ్మలేదు. నా కళ్ళ ముందు ఆ ఆడగొర్రె, దాని మెడలో తాడు కదిలాయి. ధర్మవరం అని చెప్పి, అక్కడి నుంచి మా పుట్టింటి బస్సు ఎక్కించి, మా అమ్మ వాకిట్లో దించి, ‘దాచినారు జూడు, అదీ తప్పు’ అంటాడని నా అనుమానం. సంచిలో ఒక చీర ఎక్కువే పెట్టుకున్నాను. బస్సులో ఆయన నా ముందు సీటులో కూర్చున్నాడు. ధర్మవరంలో దిగి ఆయన ఏ సందులోకి తిరుగుతాడో అని వెనకనే నడిచాను. పళ్ళ బొమ్మ వేసిన బోర్డు కనబడేదాకా సంచిని చంకలోంచి దించలేదు.

డాక్టరమ్మ ముప్పై ఐదేళ్ళ మనిషి, నవ్వు ముఖం. మా వైపు మాటే మాట్లాడింది. నన్ను ఆ వంగే కుర్చీలో పడుకోబెట్టి, “పెద్దాయనా, మీరు బయట కూర్చోండి” అంది.

మామకు అది కుదరలేదు. నోరు తెరిచిన కోడలి ఎదుట ఉండకూడదు. బయటికి పోతే లోపల ఏం చేస్తారో తెలియదు. కాసేపు ఆలోచించి, కుర్చీకి కాళ్ళ వైపు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చూపు నా పాదాలు దాటి పైకి రాలేదు.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది. నోట్లో వేలిగోరంత ఫిల్ము పెట్టి ఫోటో తీసింది. “పీకాల్సిన పని లేదనుకుంటా. లోపల కండ ఇంకా బతికే ఉంది” అంది.

“పంట్లో కండ యాడుంటాది తల్లీ?” అన్నాడు మామ, నా పాదాలతో మాట్లాడుతున్నట్టు. “పన్నంటే ఎముకే గదా.”

“పైకి అట్లే ఉంటుంది పెద్దాయనా. లోపల చిన్న గది ఉంటుంది. దాంట్లో మెత్తటి కండ, రక్తం, నరం అన్నీ ఉంటాయి. పుచ్చు ఆ గది గోడ దాకా వచ్చింది.”

“అందరూ పీకమంటాండారు. నువ్వు వద్దంటాండావు. పీకితే ఒక్క దినంతో పోతాది. పీకకపోతే మళ్ళా మళ్ళా నీకాడికి రావల్ల. అంతేనా?”

నేను సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. డాక్టరమ్మ నవ్వింది. “అవును, రావల్ల. మూడు నెలలకు ఒకసారి కచ్చితంగా రావల్ల.”

చిగుళ్ళకు సూది వేసి, మొద్దుబారాక, నల్లగా మెత్తబడినదంతా తొలిచి తీసింది. ఒకచోట ఆగింది. నా చేతికి అద్దం ఇచ్చి చూడమంది. గుంత అడుగున ఆవగింజలో సగమంత ఎర్రటి చుక్క. నా పన్ను లోపల రక్తం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ చుక్క మీద మందులో తడిపిన దూది అదిమి పట్టింది. కాసేపటికి తీసి చూసి, “రక్తం తొందరగా ఆగింది. మంచిదే” అంది. అప్పుడు తెల్లటి మందు ఏదో కలిపి ఆ చుక్క మీద పెట్టింది.

“ఏం మందు అది?” మామ తల ఎత్తకుండానే అడిగాడు.

“సున్నపు జాతి మందు పెద్దాయనా.”

“సున్నమా?” మామ నడుముకు కట్టుకున్న వక్కాకు సంచి విప్పి, సున్నం డబ్బీ బయటికి తీశాడు. “ఇదా? దీనికోసరం ఇంత దూరం రావల్లనా? ఇంటికాడ మేమే పూసుకుందుము గదా!”

“ఆ పని మాత్రం చేయొద్దు” అంది డాక్టరమ్మ గాబరాగా. “అది పెడితే నోరు పొక్కిపోతుంది. ఇది వేరేగా శుభ్రంగా చేసింది. అయినా ఇది గోడ కట్టదు. గోడ కట్టేవాళ్ళను లేపుతుంది.”

“ఎవురు వాళ్ళు?”

డాక్టరమ్మ నా పన్నును మూస్తూ మూస్తూనే చెప్పింది. ఆ కండలో కణాలుంటాయంది. కణం అనే మాట నేను బడిలో విన్నదే. పంటి గోడను లోపలి వైపు నుంచి కట్టిన కణాలు, దెబ్బ తగిలిన చోట చచ్చిపోయి ఉంటాయట. కానీ అదే కండలో, ఇంతవరకు ఏ పనీ మొదలుపెట్టనివి ఇంకా కొన్ని ఉంటాయట. ఈ మందు తగిలితే అవి లేచి, దెబ్బ దగ్గరికి జరిగి, వరసగా నిలబడి, గోడ కట్టడం నేర్చుకుంటాయట. మందుకు అడుగున కొత్త గోడ లేస్తుందట.

మా మామ ఆ ఏడే దొడ్డికి రాళ్ళ గోడ కట్టించి ఉన్నాడు. కూలీల మీద ఆయన అనుమానాలు ఊరంతటికీ తెలుసు.

“ఆ కూలోళ్ళు ఇన్నాళ్ళూ ఏం జేస్తాండిరి మరి?”

“వాళ్ళలో కొందరు కడుతూనే ఉన్నారు. వాళ్ళు కట్టేదానికంటే పుచ్చు తవ్వేది ఎక్కువైంది. ఆ తవ్వే పుచ్చును నేను తీసేసినాను, అంతే.”

“మేస్త్రీ ఎవురు?”

“మేస్త్రీ ఎవరూ లేరు.”

“మేస్త్రీ లేకుండా కూలోళ్ళు పని జేస్తారా? నువ్వు చెప్తాండావు, నేను వింటాండా.”

డాక్టరమ్మ చేయి ఆపింది. “ఇది వాళ్ళ సొంత ఇల్లు పెద్దాయనా. పైన కూర్చోని అరిచేవాళ్ళు అక్కర్లేదు.”

మామ సున్నం డబ్బీని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు: “లేస్తాదా గోడ? తప్పకుండా లేస్తాదా?”

“తప్పకుండా అని చెప్పలేను. వయసులో ఉన్న పిల్ల కాబట్టి లేస్తుందని నమ్మకం. లేవకపోతే లోపల కండ చచ్చిపోతుంది. అప్పుడు నరం తీసేసి, లోపలంతా శుభ్రం చేసి మూసేయాలి. పన్ను ఉంటుంది గానీ ప్రాణం ఉండదు.”

తిరుగు బస్సులో మామ వెనక్కి తిరగకుండానే అన్నాడు: “సంతలో తప్పకుండా అనే మనిషి కాడ నేను ఇంతవరకూ ఒక్క జీవం కొనలే. ఈ యమ్మ చెప్పలేనంటాంది. సూద్దాం.”

ఆయన డాక్టరమ్మను అడిగిన ప్రశ్నలన్నీ నా కడుపులో ఉన్నవే. నేనైతే ఒక్కటీ అడగలేక, తలూపి వచ్చేదాన్ని. ఆ సంగతి నాకు అప్పుడే తట్టలేదు.

ఆ మూడు నెలలూ నేను నా పన్నునే అనుమానిస్తూ గడిపాను. నాలుకతో తడిమితే పైన మూత గట్టిగా ఉండేది. దాని కింద ఏం జరుగుతోందో ఎట్లా తెలుస్తుంది? కంటికి కనబడనివాళ్ళు కంటికి కనబడని చోట గోడ కడుతున్నారంటే నమ్మడమెట్లా? మధ్యమధ్యలో చల్లనీళ్ళు తగిలితే చురుక్కుమని, వెంటనే పోయేది. నొప్పి వస్తే రమ్మని డాక్టరమ్మ చెప్పింది. చురుక్కుమనడం కూడా నొప్పే కదా. గోడ లేవలేదని, పన్ను చెడిపోయిందని నాకు ఖాయమైపోయింది. ఎవరికీ చెప్పలేదు.

మామ మాత్రం ప్రతి పొద్దునా దొడ్డి తలుపు తీస్తూ, గొర్రెలను అడుగుతున్నట్టు గట్టిగా అడిగేవాడు. “కూలోళ్ళు పనిలోకి వచ్చినారా?”

నేను వంటింట్లోంచి, “ఏం లేదు మామా” అనేదాన్ని.

“ఏం లేదంటే? వచ్చినారనా, రాలేదనా?”

నేను పొయ్యి ఊదేదాన్ని.

మూడు నెలలకు మళ్ళీ ధర్మవరం పోయాము. మేం పోయేసరికి అక్కడ కరెంటు లేదు, ఫోటో తీయడానికి లేదు. డాక్టరమ్మ కిటికీ వెలుతురులోనే కుర్చీ తిప్పి చూసింది. మామ ఎప్పటిలాగే కాళ్ళ వైపు నిలబడ్డాడు.

“దూదితో చల్లగా తాకిస్తా. తెలిసిందో లేదో చెప్పు” అంది.

ముందు పక్కనున్న మంచి పన్నుకు పెట్టింది. “తెలిసింది” అన్నాను. తర్వాత ఆ పన్నుకు పెట్టింది. సూది గుచ్చినట్టయింది.

“ఏం లేదు” అన్నాను.

నాకు తెలియకుండానే ఆ మాట వచ్చేసింది. అలవాటు సగం, భయం సగం. నొచ్చిందంటే గోడ లేవలేదంటారు. మూడు నెలలుగా ఎదురుచూస్తున్న మామ ముందర నా పన్ను చెడ్డదని తేలుతుంది. ఎప్పటి నుంచి చెడ్డదని అడుగుతారు.

డాక్టరమ్మ మళ్ళీ పెట్టింది. మళ్ళీ “ఏం లేదు” అన్నాను. ఆమె నవ్వు తగ్గింది.

“కరెంటు వచ్చాక ఫోటో చూద్దాం. కానీ చల్లదనం కూడా తెలియలేదంటే, లోపల కండ చచ్చిపోయిందనే అనుకోవాల. పైన తెరిచి, నరం తీసేయాల్సి వస్తుందేమో.”

నాకు అర్థం కాలేదు. నొప్పి లేదంటే మంచిది కాదా? నోరు తెరిచి అడగాలనుకున్నాను. అడగలేదు.

అప్పుడు కాళ్ళ వైపు నుంచి మామ అన్నాడు: “డాక్టరమ్మా, ఆ పిల్ల అబద్ధం చెప్తాంది.”

ఇద్దరమూ ఉలిక్కిపడ్డాము.

“నోట్లో ఏం జరిగిందో నేను జూల్లేదు. నువ్వు మొదటిసారి పెట్టినప్పుడు కాలు ఊరికే ఉండాది. రెండోసారి పెట్టినప్పుడు బొటనవేలు ముడుచుకునె. మూడోసారీ ముడుచుకునె. యాభై ఏండ్లుగా చెప్పని జీవాలతో బతుకుతాండా తల్లీ. గొర్రె చచ్చే దినం దాకా నొప్పి చెప్పదు. దాని కాలు జూసే తెలుసుకోవల్ల. ఇంగోసారి పెట్టు.” తర్వాత ఆయన నాతో నేరుగా, మెత్తగా అన్నాడు. “నొస్తే నొచ్చిందని చెప్పు మ్మే. నిన్ను యాడికీ తోలుకోనిపోను.”

ఆ మాట విని నాకు ఏడుపు వచ్చింది. ఆ ఎక్కువ చీర సంగతి కూడా ఆయనకు తెలుసేమో అనిపించింది.

డాక్టరమ్మ ఇంకోసారి పెట్టింది. “నొచ్చింది” అన్నాను. దూది తీసింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. “ఇప్పుడు?” “పోయింది.”

ఆమె ముఖం విచ్చుకుంది. “పిచ్చిపిల్లా, చురుక్కుమని వెంటనే పోవడమే నాకు కావాల్సింది. అది లోపల బతికున్నవాళ్ళు పలికే మాట. ఏం లేదంటే నేను భయపడాల.”

గంట తర్వాత కరెంటు వచ్చింది. ఫోటో తీసింది. చిన్న ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చూపించింది. పన్ను నడుమ నల్లటి గది. గదికి పైన, మందుకు అడుగున, దారమంత తెల్లటి గీత. పోయినసారి ఫోటోలో అక్కడ ఆ గీత లేదు.

మామ ఆ రెండు ఫిల్ములూ చేతికి తీసుకుని, ఒకటి తర్వాత ఒకటి ఎండకు పెట్టి చాలాసేపు చూశాడు. తిప్పి చూశాడు. గోటితో గీకి చూశాడు.

“ఇది పైన గీసింది గాదు గదా?”

“కాదు పెద్దాయనా.”

“మేస్త్రీ లేకుండానే కట్టినారే” అన్నాడు చివరికి.

బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, నేను నేల చూస్తూ చెప్పేశాను. “మామా, ఆ పన్ను పెళ్ళిచూపులప్పుడే పుచ్చి ఉన్నింది.”

“తెలుసు మ్మే.”

నేను గబుక్కున తలెత్తాను.

“నువ్వు లడ్డు తింటాంటే మీ యమ్మ నీ నోటికల్లే జూస్తాండె. ఏదో ఉండాదనుకుంటి.”

“మరి ఆ గొర్రెను వెనక్కి...”

“గొర్రె వేరే, ఇంటికొచ్చిన బిడ్డ వేరే. ఆ మాత్రం తెలీదనుకుంటివా నాకు?” కోపంగానే అన్నాడు. తర్వాత వక్కాకు నములుతూ ఇంకో మాట అన్నాడు. ఆయన మాటల్లో నేను మరిచిపోలేనిది అదే. “మనిషి నోటికి అబద్ధం నేర్పుతాడు గానీ, కాలికి నేర్పేది మర్చిపోతాడు.”

ఆ తెల్లగీత ఫిల్మును ఆయన వక్కాకు సంచిలో వేసుకున్నాడు. తర్వాత ఏ సంతకు పోయినా దాన్ని తీసి ఎండకు పెట్టి చూపించేవాడట. “ఇది నా కోడలి పన్ను. ఇదో, ఇది గోడ. లోపలోళ్ళే కట్టుకున్నారు. నమ్మకపోతే జూడు.” నా ముఖం చూడని గొర్రెల బేరగాళ్ళు ఎంతమంది నా పన్ను చూశారో లెక్కలేదు. నాకు సిగ్గుగా ఉండేది. ఆయనకు అది కళ్ళారా చూసి నమ్మిన వస్తువు. అట్లాంటివి ఆయన దగ్గర ఎక్కువ లేవు.

ఇక మామ పోయిన నాటి పొద్దుటి సంగతి చెప్పాలి. ఇది మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారగానే సంతకు పోయే ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. దాంట్లో నలుగురు బేరగాళ్ళు ఉన్నారు. మామ గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. చల్లగాలి కొడుతున్నా నుదుటి మీద చెమట ఉంది. ఎడమ భుజాన్ని కుడిచేత్తో ఒకసారి పిసికాడు. నేను నీళ్ళ చెంబు ఇస్తూ, “బాగుందా మామా?” అన్నాను.

“ఏం లేదు మ్మే. రాత్రి సంగటి అరగలే.”

నేను కిందికి చూశాను. ఆయన నేర్పిన చూపే అది. కాలి బొటనవేలు చెప్పును గట్టిగా పట్టుకుని ఉంది. వేలి గోరు తెల్లబడింది.

చూశాను. అర్థమయింది. ‘మామా, నువ్వు అబద్ధం చెప్తాండావు, ఆటో ఎక్కొద్దు’ అనాలి. ఆటోలో నలుగురు మగవాళ్ళు ఇటే చూస్తున్నారు. కొంగు నోటికి అడ్డం వచ్చింది. నా కోసం ఆయన డాక్టరమ్మ ముందర అన్న మాటను, ఆయన కోసం నేను ఆ నలుగురి ముందర అనలేకపోయాను. ఆటో పోయింది. నేను చెనిక్కాయలు ముందు వేసుకుని కూర్చున్నాను.

ముందే చెప్పి ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు. డాక్టరమ్మలాగే, తప్పకుండా అని నేనూ చెప్పలేను. మా ఆయన అయితే, “నువ్వు చెప్పినా ఆగేవాడు గాదులే, నా కంటే నీకు తెలుసునా ఆయన మొండి?” అన్నాడు. నా మనసు కుదుటపడాలని అంటున్నాడని నా అనుమానం.

సంత నుంచి ఆయన వస్తువులు ఇంటికి వచ్చాయి. తాడు, చేతికర్ర, వక్కాకు సంచి. సంచిలో సున్నం డబ్బీ మూత ఊడి, అంతా తెల్లగా పూసుకుపోయింది. ఫిల్ము దాంట్లోనే ఉంది. కొంగుతో మెల్లగా తుడిచి ఎండకు పెట్టాను. సున్నం పోయింది. గీత పోలేదు.

నిన్న పొద్దున కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాను. రాత్రంతా చల్లారిన నీళ్ళు. ఈసారి మెడ ఎడమకు వంచలేదు. కుడివైపు తగిలి చురుక్కుమంది, చెంబు జారి నేల మీద ఠంగుమంది. దొడ్డిలో గొర్రెలకు మేత కంప లాగుతున్న మా ఆయన చప్పుడు విని, “ఏమాయె?” అని అరిచాడు.

ఆ పాత మాట నాలుక కొస దాకా వచ్చింది.

“నొచ్చింది!” అన్నాను.

ఈ ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. దొడ్డిలో గొర్రెలు నమలడం ఆపి, అన్నీ ఒక్కసారే నా వైపు తిరిగి చూశాయి.